మోతి కడుపులో నా చూపుడు వేలు

నా మాటల్లో సగం అబద్ధం. చిక్కడపల్లి చాయ్ హోటల్లో ఎవర్నడిగినా చెబుతారు. ఇది మాత్రం మిగతా సగంలోది. నా కుడిచేతి చూపుడు వేలు మీద ఒట్టు. ఆ వేలు మీదే ఎందుకంటే... ఆ రాత్రి జరిగిందంతా దానికే జరిగింది. నేను దాని వెనకాల ఉన్నాను, అంతే.

తొంభైల్లో సంగతి. నారాయణగూడలో ఒక పశువుల డాక్టరు దగ్గర నేను కాంపౌండర్ని. కాంపౌండర్ అనగానే పెద్ద చదువనుకునేరు. ఏడో తరగతిలో లెక్కల సారు నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టాడు. నేను ఆ గోడే దూకి వచ్చేశాను. మా డాక్టర్ సాబు నన్ను పనిలో పెట్టుకున్నది నా చెయ్యి చూసి. సన్నటి చెయ్యి, పొడుగు వేళ్లు. "నీ మొకం ఎట్లున్నా చెయ్యి మాత్రం డాక్టర్ చెయ్యిరా సత్తీ" అనేవాడు. ఆయన చెయ్యి సొరకాయంత. బర్రెల దగ్గర పనికొస్తుంది గానీ ఇరుకు చోట కష్టం.

నాకు ఇంకో పని కూడా ఉండేది. తల్లి చచ్చిపోయిన దూడలకు పాలు తాగడం నేర్పడం. వేలు పాలల్లో ముంచి దూడ నోట్లో పెడితే, అది చన్ననుకుని చీకుతుంది. అలా చీకుతుండగానే మెల్లగా మూతిని బకెట్లోకి దించాలి. ఎన్ని దూడలు చీకిన వేలో ఇది! కళ్లు మూసుకున్నా, నిద్రలో ఉన్నా, ఆ చీకుడు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఈ ముక్క జర గుర్తుపెట్టుకోండి.

అశోక్ నగర్‌లో ఒక సందు చివర రాంచందరన్న ఉండేవాడు. పెళ్లి గుర్రాల మనిషి. రేకుల షెడ్డు, కింద షాబాద్ బండలు, లోపల ఒకే ఒక తెల్ల గుర్రం. పేరు మోతి. రాంచందరన్న తాతల నుంచి వాళ్లకొక పద్ధతి ఉంది. పెళ్లికొడుకును ఎక్కించుకునే గుర్రం ఒక్కసారైనా ఈనినదై ఉండాలి. పిల్ల వెంట ఉంటే ఇంకా మంచిది, దానికి గజ్జెలు కట్టి బారాత్‌లో తల్లి పక్కన నడిపిస్తారు. బేరానికొచ్చిన పెళ్లివాళ్లు గుర్రం కాళ్లు చూడరు, పళ్లు చూడరు. "పిల్ల పెట్టిందా?" అని ఒక్కటే అడుగుతారు.

మోతి పెట్టలేదు. మూడేళ్లు మగ గుర్రంతో దాటించారు, మూడేళ్లూ చూలు నిలవలేదు. ఇక సందులో దానికి పేరు పడిపోయింది. గొడ్డు గుర్రం. పెళ్లివాళ్లు రావడం మానేశారు. అది చాలదన్నట్టు కొత్తగా ఇంకో పుకారు... రాత్రిళ్లు మోతి కడుపులోంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తోందని.

ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నరకి, నేను షట్టర్ సగం దించానో లేదో, దాని కింద నుంచి వంగి ఒకావిడ లోపలికొచ్చింది. రాంచందరన్న భార్య లలితక్క. చెప్పులు కూడా లేవు కాళ్లకి.

"సాబ్, మోతి ఎదకొచ్చింది. ఎదకొచ్చినప్పుడే మంచిగ చూడొస్తది అని మీరే అన్నరు గద. పొద్దుగాల అంబర్‌పేట్ ఆయన వచ్చి తోలుకపోతడు. ఇటుకల బండికి కడ్తడంట. మా ఆయన మాటిచ్చేసిండు."

డాక్టర్ సాబు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇటుకల బండికా? గా సన్న కాళ్లతోని? ఆర్నెల్లు కూడా బతకదమ్మా."

"అందుకే ఉరికొచ్చిన. గర్భసంచి మంచిగున్నదని మీరు చెప్తే ఉంచుతడు. లేదంటే..." ఆగింది. తర్వాత నెమ్మదిగా అంది. "పరీక్ష చెయ్యకముందే పేరు పెడ్తరు సాబ్ అందరు. దానికైతే మీరన్న ఉన్నరు."

ఆమెకు పెళ్లయి పదకొండేళ్లు. పిల్లల్లేరు. నేను ప్రతిదానికీ నవ్వే మనిషినే గానీ అప్పుడు నవ్వు రాలేదు.

బయల్దేరాం. లలితక్క ఆటోలో, మేము డాక్టర్ సాబు స్కూటర్ మీద. నా ఒళ్లో మైక్రోస్కోపు, కొత్త పెళ్లికూతుర్ని పట్టుకున్నంత జాగ్రత్తగా. భుజానికి మందుల సంచి. చిక్కడపల్లి దాటేదాకా నేను వాగుతూనే ఉన్నాను.

షెడ్డు పక్కన ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్. పిట్టగోడ మీద ఒకడు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. నల్గొండ పిల్లాడు, శ్రీను.

"వచ్చిండ్రా సార్! రాత్రి కాంగనే షురూ అయితది సార్. చిన్న పోరడు ఏడ్సి ఏడ్సి ఊపిరి గుంజినట్టు. నేను చదువుకున్నోణ్ణి, గిసొంటియి నమ్మ... కని లైటు ఆపి పండుకుంటలేను."

"లైటు ఎయ్యి, చదువుకో. దయ్యం వల్లనన్న నౌకరీ వస్తది నీకు" అన్నాను. వాడు నవ్వాడు. సరిగ్గా అప్పుడే వినిపించింది.

హూ...ఫ్.

షెడ్డులోంచి. తడి తడిగా. ఏడుపయ్యాక పిల్లలు ఎగపీల్చినట్టు... హూ...ఫ్. నా వీపు మీద నీళ్లు పోసినట్టయింది. శ్రీను పిట్టగోడ మీద లేడు. ఎప్పుడు దిగాడో, ఎటు పోయాడో తెలీదు.

డాక్టర్ సాబు మాత్రం నేరుగా లోపలికి పోయాడు. రాంచందరన్న దండం పెట్టి, "వద్దన్న సాబ్, ఇనదు మా ఆమె" అన్నాడు. డాక్టర్ సాబు పట్టించుకోలేదు. "గుర్రాన్ని నడిపియ్" అన్నాడు. మోతి నాలుగడుగులు వేసింది. హూ...ఫ్. మళ్లీ నాలుగడుగులు. హూ...ఫ్. ఆయన వెనక్కి పోయి, వంగి, తోక పక్కకు తీసి, టార్చి కొట్టి చూసి... పకపకా నవ్వాడు.

"ఇగో మీ దయ్యం! కడుపుల పిల్ల లేదు, పిశాచి లేదు. దీని ఈనే దారి పెదాలు వదులైనయి. కొలిమి తిత్తి లెక్క గాలి లోపలికి గుంజుతున్నది. గాలితోటి దుమ్ము, పేడ అన్నీ సంచిలకు పోతున్నయి. ఇగ పిల్లేం నిలుస్తది?" రాంచందరన్న వైపు తిరిగాడు. "బారాత్‌ల తోక ఎట్ల కడ్తవ్?"

"జరీ రిబ్బను చుట్టి మీదికి కడ్త సాబ్. సోకుగ ఉంటది."

"గంటలకొద్ది?"

"పెళ్లి అయ్యేదాంక."

"దేవుడు దానికి పరదా ఇచ్చిండు. నువ్వు పరదా ఎత్తి, జరీ చుట్టి, సందు సందు దుమ్ము లోపల పోయించినవ్. శాబాష్."

అందరం నవ్వాం. లలితక్క కూడా. భయం అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఏం తెలుసు నాకు!

అసలు పరీక్ష మొదలైంది. రాంచందరన్న మోతి ముందు కాలు ఎత్తి పట్టుకున్నాడు, తన్నకుండా. నేను తోకకు గుడ్డ చుట్టి, సబ్బుతో మూడుసార్లు కడిగాను. డాక్టర్ సాబు భుజం దాకా ప్లాస్టిక్ గ్లౌజు వేసుకుని, ముందు పేడ దారిలో చెయ్యి పెట్టి, పక్కనున్న గర్భసంచిని పైనుంచి తడిమాడు. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ. ఆయన అట్లా చూస్తుంటే ఎప్పుడూ జపం చేస్తున్నట్టే ఉంటుంది.

"రెండు కొమ్ములు మంచిగున్నయి. జర మెత్తగ ఉంది, ఎదల ఉంది కాబట్టి. కుడి పక్క గుడ్డు పండింది. సంచిల ఏం లేదు. ఖాళీ."

ఖాళీ. ఆ మాట నా చెవులతో విన్నాను. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

తర్వాత గొట్టం పెట్టి, టార్చి కొట్టి, సంచి మూతి చూశాడు. ఎర్రగా ఉందట, నురగ ఉందట. ఇక సంచి లోపలి నుంచి దూదిపుల్లతో నీరు తియ్యాలి. ఆ నీటిని మైక్రోస్కోపు కింద చూస్తేనే తేలుతుంది, లోపల చీము ఎంతుందో, సంచి బాగయ్యేదో కాదో. దూదిపుల్ల పోవాలంటే ముందు ఒక చెయ్యి పోయి, చూపుడు వేలుతో ఆ మూతిని తెరిచి పట్టుకోవాలి. సొరకాయ చెయ్యి ఒద్దు. సన్నటి చెయ్యి కావాలి.

"రా సత్తీ. నీ సర్టిఫికెట్టు తియ్."

పొడుగు గ్లౌజు వేసుకుని, దాని మీద మరగబెట్టిన రబ్బరు గ్లౌజు వేసుకున్నాను. తెల్లది. కొత్తది. ఐదు వేళ్లూ సరిగ్గా ఉన్నాయి, నేనే చూసుకున్నాను. చెయ్యి లోపలికి పోయింది. వేడి. మోతి ఒకసారి ఒళ్లు జలదరించింది, ఆగింది. మూతి దొరికింది... మెత్తగా, గులాబీ మొగ్గంత. వేలు పెట్టాను. ఒక కణుపు. రెండో కణుపు. పక్క నుంచి దూదిపుల్ల జారింది. డాక్టర్ సాబు దాన్ని తిప్పి, తడిపి, తీసేసుకున్నాడు. "అయిపాయె. చెయ్యి తియ్" అన్నాడు.

కరెంటు పోయింది.

హాస్టల్ పిల్లలందరూ "ఓ..." అని అరిచారు, రోజూ అరిచినట్టే. ఆ అరుపు ఆగింది. చీకటి. ఎంత చీకటంటే, తెల్ల గుర్రం కూడా కనపడలేదు. "సత్తీ కదలకు, టార్చి ఎటు పడ్డదో చూస్త" అన్నాడు డాక్టర్ సాబు.

నేను కదల్లేదు.

నా వేలు చివర... ఏదో తగిలింది.

తడి కాదు, తడి ముందు నుంచే ఉంది. ఇది వేరు. మెత్తగా... సన్నగా గరుకుగా... వేలు కింద నుంచి చుట్టుకుంది. దొన్నె లాగా. ఆగింది. తర్వాత గుంజింది. ఒకసారి. వదిలింది. మళ్లీ గుంజింది. వదిలింది. మళ్లీ... ఈసారి ఆత్రంగా.

చీకుతోంది.

అన్నలారా, అది నాలుక. వేలి కింద నాలుక, మీద దవడ. ఇంకా పళ్లు రాని చిగుళ్ల గట్టితనం. నాకు తెలీదా? నేను చేసిన ఒకే ఒక్క చదువు అదే కదా! అరవాలనుకున్నాను. అరిస్తే మోతి బెదిరి తంతుందని పళ్లు బిగపట్టాను. వేలు తీద్దామంటే... సిగ్గు విడిచి చెబుతున్నాను... తియ్యబుద్ధి కాలేదు. ఆకలిగా ఉన్నదాని నోట్లోంచి వేలు లాగడం నాకు ఎప్పుడూ చేతకాదు.

అప్పుడు మోతి గొంతు వినిపించింది. సకిలింపు కాదు. గుండెల లోపలి నుంచి, ముక్కు కొసతో... హుం హుం హుం హుం. చాలా మెల్లగా.

"ఇదేంది..." అన్నాడు రాంచందరన్న. "గిది పిల్లను పిలిచే గొంతు. ఈనిన గుర్రాలే గిట్ల పిలుస్తయి. దీనికెవరు నేర్పిండ్రు?"

నా వేలు ఒక్కసారి గట్టిగా గుంజుకుపోయి... టప్పున విడిచింది. నేను వెనక్కి పడ్డాను. బండల మీద వెల్లకిలా. అట్లా పడి ఉండగా విన్నాను. షెడ్డు అవతలి మూల నుంచి.

టక్ టక్... టక్.

రెండు గబగబా. ఒకటి ఆగి. చిన్న గిట్టలు. షాబాద్ బండ మీద.

టక్ టక్... టక్. వెంటనే, ఘల్.

"ఆ గజ్జెలు..." అంది లలితక్క చీకట్లో. అంతే.

కరెంటొచ్చింది.

అందరం ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం. డాక్టర్ సాబు మోకాళ్ల మీద, టార్చి వెతుకుతూ. రాంచందరన్న గుర్రం కాలు పట్టుకుని. లలితక్క గుమ్మంలో. మోతి మెడ తిప్పి అవతలి మూలకే చూస్తోంది, చెవులు నిక్కించి. మూలలో ఎవరూ లేరు. నేను నా చెయ్యి చూసుకున్నాను. కుడి రబ్బరు గ్లౌజు. బొటనవేలు ఉంది. నడిమి వేలు ఉంది. చూపుడు వేలికి... కొన లేదు. కింది పల్చటి ప్లాస్టిక్‌లోంచి నా గోరు కనిపిస్తోంది.

దయ్యం సంగతి ఎగిరిపోయింది. అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. ఆ రబ్బరు ముక్క సంచిలో ఉండిపోతే మోతికి జన్మలో పిల్ల నిలవదు. మంచి సంచిని నేనే పాడుచేసినవాణ్ని అవుతాను. పొద్దున్నే అంబర్‌పేట్ మనిషి, ఇటుకల బండి... అంతా నా వేలు వల్ల!

"సాబ్, ముక్క లోపల ఉన్నది సాబ్! నా వల్లనే సాబ్!"

"ఒర్రకు. సెలైన్ తియ్."

గొట్టం పెట్టి సెలైన్ సంచిలోకి వదిలాడు, మళ్లీ కిందికి దించి బకెట్లోకి తీశాడు. మొదటిసారి బియ్యం కడిగిన నీళ్లలా వచ్చింది. రెండోసారి పల్చగా. మూడోసారి తేటగా. ప్రతి చుక్కా లలితక్క తెచ్చిన చాయ్ జాలిలో వడపోశాను. ఆ ఇంట్లో నేను మళ్లీ చాయ్ తాగలేదు, వేరే సంగతి. రబ్బరు ముక్క రాలేదు. డాక్టర్ సాబు మళ్లీ పైనుంచి తడిమి చూశాడు. లోపల ఏమీ లేదన్నాడు. గొట్టం పెట్టి చూశాడు. లేదన్నాడు.

"లోపల లేదంటే బయట ఉన్నట్టే. దేవులాడు."

కింద పరిచిన గడ్డి అంతా దేవులాడాను. మోతి కాళ్ల కింద, బకెట్ల కింద, నా చొక్కా మడతల్లో. చివరికి ఒక్క చోటు మిగిలింది. అవతలి మూల. దాణా డ్రమ్ము వెనకాల. నేను పడ్డ చోటికి పది పన్నెండు అడుగుల దూరం. మాలో ఎవరూ అటు పోలేదు.

పోయాను. మోకాళ్ల మీద పాకుతూ.

అక్కడ గుంజకు, నా మోకాలెత్తులో, ఒక మేకు. దానికి చిన్న గజ్జెల పట్టీ. మూడేళ్ల కింద, మొదటిసారి దాటించినప్పుడే, పుట్టబోయే పిల్ల కోసమని లలితక్క కొని తగిలించింది. పిల్లకు అందేలా, ఆడుకునేలా, కిందికి తగిలించిందట. మూడేళ్ల దుమ్ము పట్టి నల్లగా ఉన్నాయి గజ్జెలు. ఒక్క గజ్జె మాత్రం తళతళ మెరుస్తోంది. తడిగా ఉంది. ఇంకా కొద్దిగా ఊగుతోంది.

దాని కింద బండ మీద నా రబ్బరు ముక్క. చదునుగా నమిలి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే... పాల వాసన.

"పందికొక్కు" అన్నాడు డాక్టర్ సాబు నా వెనక నుంచి. "చెయ్యి బయటకొచ్చేటప్పుడు చినిగి పడ్డది. పందికొక్కు ఎత్తుకపోయింది. గజ్జె నాకింది. నీ వేలికి తగిలింది సంచి మూతి కండరం. ఎదల గట్లనే ముడుచుకుంటది, వదులైతది."

"పందికొక్కు కాళ్లకు గిట్టలుంటయా సాబ్?"

ఆయన మైక్రోస్కోపు దగ్గరికి పోయాడు. గాజు పలక మీద దూదిపుల్ల రాసి, రంగు వేసి, ఆరబెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు. లలితక్క కొంగు నోట్లో పెట్టుకుంది.

"చీము కణాలున్నయి" అన్నాడు తల ఎత్తకుండా. "శానా ఉన్నయి. కని సంచి గోడ చెడిపోలే. కడిగితిమి, నాలుగు దినాలు మందు పెడదాం. ఈనే దారికి కుట్లేస్త, గాలి పోకుండ. రెండెదలు వదిలెయ్యుండ్రి. మూడో ఎదకు దాటియ్యుండ్రి. ఈనే ముందు కుట్లు ఇప్పాలె, మర్వొద్దు." అప్పుడు తలెత్తి రాంచందరన్నను చూశాడు. "ఇది గొడ్డుది కాదు. ఇన్నవా? గొడ్డుది కాదు. తప్పు దుమ్ముది."

రాంచందరన్న మోతి మెడ మీద తల పెట్టేశాడు. లలితక్క ఏడవలేదు. లోపలికి పోయి, జరీ రిబ్బన్లన్నీ తెచ్చి పొయ్యిలో వేసింది. పొద్దున అంబర్‌పేట్ మనిషి వచ్చి, ఆమె చేతిలో చీపురు చూసి, వచ్చిన దారినే పోయాడు.

ఏడాది దాటింది. ఒక తెల్లవారుజామున శ్రీను పరిగెత్తుకుంటూ వచ్చి మా షట్టర్ బాదాడు. నౌకరీ ఇంకా రాలేదు గానీ లైటు ఆపి పడుకోవడం నేర్చుకున్నాడు. "ఈనింది అన్నా! ఈనింది!"

పోయేసరికి పిల్ల లేచి నిలబడి ఉంది. నల్లగా, తడిగా, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు. గుర్రాలు తెల్లగా ఉన్నా పిల్లలు నల్లగానే పుడతాయట. మోతి దాన్ని నాకుతూ పిలుస్తోంది... హుం హుం హుం హుం. ఆ గొంతే. డాక్టర్ సాబు బొడ్డుకు మందు రాశాడు. నేను చూపుడు వేలు చాచాను. చాచకుండా ఉండలేకపోయాను.

పట్టుకుంది. గుంజింది. వదిలింది. గుంజింది.

ఏ పిల్లైనా అట్లానే చీకుతుందని మీరనవచ్చు. డాక్టర్ సాబు కూడా అదే అన్నాడు. నేనూ సరే అన్నాను. అంతలో లలితక్క ఆ గజ్జెల పట్టీ తోమి తెచ్చి, పిల్ల ముందు కాలికి కట్టింది.

రాంచందరన్న గబుక్కున ముందుకొచ్చాడు. "ఆగవే, బెదుర్తది! మొదటిపారి గజ్జె కడితే ఏ పిల్లన్న ఎగిరెగిరి తంతది. మా తాతకు పళ్లు పోయినయి గట్లనే!"

అందరం పక్కకు జరిగాం. పిల్ల తల వంచి గజ్జెల వైపు చూసింది. వాసన చూసింది. ఎగరలేదు. తన్నలేదు. ఒకసారి గజ్జెను నాకి, తిన్నగా దాణా డ్రమ్ము వెనక మూలకు నడిచింది. ఎవరూ తోలలేదు. తల్లి ఇటు ఉంది, పాలు ఇటు ఉన్నాయి. అది అటు పోయింది. ఆ ఖాళీ మేకు దగ్గర ఆగి, ముట్టెతో దాన్ని తోసింది.

డాక్టర్ సాబు నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. "పందికొక్కు" అందామనుకున్నాను, నవ్వించడానికి. నోరు రాలేదు. నా నోరే రాలేదంటే చూసుకోండి.

పిల్ల వెనక్కి తిరిగింది. తల్లి దగ్గరికి నడిచింది, పుట్టి గంట కూడా కాని కాళ్లతో.

టక్ టక్... టక్.

ఘల్.